పొగ రాని కుంపటి

ఇది ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు. చలికాలం పొద్దుటి పూట నేను కాసుకునే వెచ్చదనం నాది కాదు. నాన్న పోయాక ఇంటిని రెండు చేసి మధ్యలో గోడ కట్టించింది నేనే. పొయ్యి అక్క వాటాలోకి పోయింది. అక్క పొయ్యి రాజేసిన కాసేపటికి గోడ నా వైపు కూడా వెచ్చబడేది. అక్కతో మాటలు మానేసినదాన్ని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ గోడకే వీపు ఆన్చి కూర్చునేదాన్ని.

ఈ మధ్య గోడ చల్లబడింది. అక్క తలుపుకి తాళం. నర్సీపట్నం ఆసుపత్రిలో చేర్చారట అని కిరాణా కొట్టు దగ్గర ఎవరో అంటుంటే, ఉప్పు ప్యాకెట్టు తీసుకుని విననట్టే వచ్చేశాను. ఆ ఆదివారం లింగం మేష్టారి అరుగు మీద నేనడిగిన ప్రశ్న మాత్రం వేరు. ఒక్క గది ఇంటికి, నాలాంటిది కొనగలిగిన ధరలో, చలి కాసుకోడానికి ఏ పొయ్యి మంచిదని.

మేష్టారు రిటైరయ్యాక మా లంబసింగి వైపే ఉండిపోయారు. ఏడో తరగతితో బడి మానేసిన నాకూ, సైకిళ్ళకి పంక్చర్లు వేసే తవిటయ్యకీ ఆదివారాలు పద్యాలు చెబుతారు. అడిగినదానికి సూటిగా జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఎక్కడో జరిగిందొకటి చెప్పి ఊరుకుంటారు. "మేష్టార్ని కుంపటి అడిగితే కతొస్తాది. దాంతోనే చలి కాసుకో" అన్నాడు తవిటయ్య.

నేను సంతలో చూసొచ్చినవన్నీ ఏకరువు పెట్టాను. గొట్టమున్న రేకు పొయ్యి బాగానే ఉంది గాని కప్పుకి కన్నం కొట్టించాలి. హీటరు కొనొచ్చు, కరెంటు ఉంటేగా. బొగ్గుల కుంపటైతే చవక, పైగా పొగ రాదు.

మేష్టారు ఆ చివరి మాటే పట్టుకున్నారు. ఆయన మొదట్లో పనిచేసిన కొండ ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్ళట, గడ్డి కప్పులు. పొద్దున్నే ఎవరు ముందు లేస్తే వాళ్ళు పొయ్యి రాజేసేవారు. రెండో ఇంటావిడ కుండపెంకు పట్టుకెళ్ళి నిప్పు తెచ్చుకునేది. కప్పులోంచి పొగ లేచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేచినట్టు. లేవకపోతే, జ్వరమో ఏమోనని ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టేవారు. అలాంటిది, మిరియాల పాదు దగ్గర అన్నదమ్ములకి మాటా మాటా వచ్చింది. మీ ఇంటి నిప్పు మాకక్కర్లేదని తమ్ముడు సంతలో బొగ్గుల కుంపటి కొన్నాడు. వెచ్చదనం బయటికి పోకూడదని ఇంటి సందులన్నీ పాత గుడ్డలు కుక్కి, పేడతో మెత్తేశాడు. గాలాడని గదిలో బొగ్గు రాజుకుంటే ప్రాణం తీసే విషవాయువు పుడుతుందని అతనికి తెలియదు. మంచు బాగా కురిసిన ఓ రాత్రి, మొగుడూ పెళ్ళాం కుంపటి పక్కన పెట్టుకుని పడుకున్నారు.

తెల్లారాక ఆ కప్పు మీద పొగ లేదు. వాకిలి ఊడుస్తూ వదినగారు చూసింది. "పొగ రాని కుంపటి కొన్నారు కదా దొరలు. లేచారో లేదో మనకేటి తెలుస్తాది" అని లోపలికి పోయింది. ఊరు కూడా అలాగే అనుకుంది. ఆ మర్నాటికి గాని ఎవరూ తలుపు పగలగొట్టలేదు.

ఆ కుంపటి ఏమైందని అడిగాను. అదే ఎందుకడగాలనిపించిందో తెలీదు.

అన్నగారింట్లోనే ఉందన్నారు మేష్టారు. తాను బదిలీ అయి వచ్చేసేనాటికి కూడా అతను దాని దగ్గరే చలి కాసుకునేవాడట. మంచి సరుకు, తుప్పు పట్టలేదని వచ్చినవాళ్ళకి చూపించేవాడట.

ఇక అయిపోయినట్టు మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని పద్యం వెతుక్కుంటున్నారు. అయితే నన్నేది కొనుక్కోమంటారని మళ్ళీ అడిగాను. మొండితనమే. ఆయన రోజూ పాలకి వెళ్ళేది మా రెండు వాకిళ్ళ ముందునుంచేనన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

"ఏదైనా కొనుక్కోమ్మా, వస్తువులో ఏముంది" అన్నారు పుస్తకంలోంచి తలెత్తకుండా. "మీ అక్క ఇంటి మీద పొగ లేచి ఎన్నాళ్ళయింది?"

ఎన్నాళ్ళో నాకు తెలుసు. గోడకి వీపు ఆన్చే మనిషికి తెలియకుండా ఉంటుందా.

అరుగు దిగి వచ్చి ఫోన్ తీశాను. అందులో అక్క అని ఎక్కడా ఉండదు. గోడ లేచిన రోజే ఆ పేరు చెరిపేసి 'పక్కిల్లు' అని పెట్టుకున్నాను. ఎత్తుతుందో లేదో. ఎత్తినా అవతల పలికేది అక్క గొంతే అవుతుందో కాదో. చేద్దామనే అనుకున్నాను.