గంప దగ్గర మౌలాలి

మౌలాలికి ఉన్న చెడ్డ అలవాటు ఒక్కటే, సాయం చేయడం. నెత్తిన గడ్డిమోపుతో ఇంటికి పోయేవాళ్ళని ఆపి, మోపు తను ఎత్తుకుని, ఎవరిల్లో చెప్పేలోపే వేరే ఇంటి ముందు దించి వచ్చేవాడు. అతను సాయం పట్టిన పెళ్ళిలో పప్పుకి ఉప్పు రెండుసార్లు పడేది. వీధిలో అతను కనపడితే ముసలమ్మలు కర్ర చేతపట్టుకుని గబగబా ఇళ్ళలోకి పోయేవాళ్ళు. అంత చురుకు వాళ్ళ కాళ్ళలో ఇంకెప్పుడూ కనపడేది కాదు.

అలాంటివాడు ఒకరోజు తెల్లవారగానే కూతురు మీరాబీని వెంటబెట్టుకుని, ఊరవతల దర్గాలో ఉండే ఖాదరయ్య తాత దగ్గరికి వచ్చాడు. తాత ఒకప్పుడు దూదేకేవాడు, ఇప్పుడు ఫకీరు. ఊళ్ళో సగం మందికి గురువు. ఆ సగంలో ఆయన మాట వినేవాళ్ళు ఎంతమందని అడిగితే ఆయనే నవ్వేవాడు. మౌలాలి పదేళ్ళుగా శిష్యుడు. దర్గా ఊడ్చేవాడు, నీళ్ళు మోసేవాడు, తాత మాట మధ్యలో ఆగితే మిగతాది తనే పూర్తి చేసేవాడు.

"తాతా, పిల్లకి తాయెత్తు కట్టాలి," అన్నాడు మౌలాలి. "నత్తి. ముందు కాస్త తడబడేది, అంతే. ఇప్పుడు నెల రోజులుగా అసలు నోరే తెరవడం లేదు. నాకు భయంగా ఉంది."

తాత పిల్లని దగ్గరికి పిలిచాడు. "ఎన్నేళ్ళమ్మా నీకు?"

మీరాబీ పెదాలు కదిలాయి.

"పది," అన్నాడు మౌలాలి.

"బడికి పోతున్నావా?"

"అయిదో తరగతి. లెక్కలంటే దీనికి మహా ఇష్టం," అన్నాడు మౌలాలి.

మీరాబీ పెదాలు మూసుకుంది. తాత అది చూశాడు.

"కడతాలే," అన్నాడు. "ముందు నాకో పని చేసిపెట్టు. పెరట్లో కోడి పొదుగుతోంది. ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు. గంప దగ్గర కాస్త కనిపెట్టుకుని ఉండు."

మౌలాలికి పిలిచి పని చెప్పినవాళ్ళు ఆ ఊళ్ళో అంతకుముందు లేరు. పొంగిపోయాడు.

పెరటి పంచలో వరిగడ్డి పరిచిన గంప. అందులో పదకొండు గుడ్ల మీద ఎర్రపెట్ట. ఉరుములకి గుడ్లు చెడిపోకుండా తాత వాటి మధ్య ఒక బొగ్గుముక్క, విరిగిన కొడవలి ముక్క వేసి ఉంచాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా మౌలాలి ఇంకో బొగ్గుముక్క వేశాడు.

పొద్దెక్కాక ఒక గుడ్డుకి జొన్నగింజంత చిల్లి పడింది. లోపల చిన్న ముక్కు కదిలింది. కిచ్ మంది. ఆగిపోయింది. మళ్ళీ కాస్త పొడిచింది, మళ్ళీ ఆగింది.

మౌలాలి చాలాసేపు ఓర్చుకున్నాడు. చాలాసేపంటే, బీడీ కాలినంతసేపు. తర్వాత గుడ్డుని చేతిలోకి తీసుకుని గోటితో పెంకు వలిచాడు. పెంకు కింది పొరతోపాటు సన్నగా రక్తం వచ్చింది. కోడిపిల్ల బయటపడింది గానీ లేవలేదు. తడిసి ముద్దయి, మెడ వాల్చేసి పడి ఉంది.

మీరాబీ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కడుపుకి ఆనించుకుంది.

మౌలాలి తాత దగ్గరికి పరిగెత్తాడు. "తాతా, పాపం లోపల కొట్టుకుంటుంటే చూడలేకపోయాను. సాయం చేశాను." "చంపేశానేమో తాతా."

తాత తిట్టలేదు. వచ్చి గంప ముందు గొంతుక్కూర్చున్నాడు. అప్పటికి ఇంకో గుడ్డుకి చిల్లి పడింది.

"పెట్ట ఏం చేస్తోందిరా?"

"ఏమీ చేయట్లేదు. ఊరికే కూర్చుంది."

తాత గుప్పెడు జొన్నలు తెచ్చి గంప ముందు చల్లాడు. పెట్ట ముక్కు చాచింది, గింజలకేసి చూసింది. లేవలేదు.

"దానికి ఆకలి లేదంటావా?" అన్నాడు తాత.

మౌలాలి వంగి చెవి ఒగ్గాడు. పెట్ట గొంతులో సన్నగా ఏదో అంటోంది. గుడ్డులోంచి ఒక కిచ్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పెట్ట తొందరపెట్టలేదు. చాలాసేపటికి మళ్ళీ ఒక కిచ్.

మౌలాలి రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు.

ఆ రోజు ఊళ్ళో గడ్డిమోపులన్నీ ఎవరివి వాళ్ళ ఇళ్ళకే చేరాయి.

పొద్దు వాలుతుండగా పెంకు రెండుగా విడిపోయింది. పిల్ల దొర్లి బయటికి వచ్చింది. అలాగే పడి ఉంది. లేచింది, కూలబడింది, మళ్ళీ లేచి తల్లి రెక్క కిందికి దూరింది. మౌలాలి కళ్ళు తుడుచుకోబోయాడు గానీ, చేతులు రెండూ తిమ్మిరెక్కి రాలేదు.

"నా..." అంది మీరాబీ.

మౌలాలి నోరు తెరిచాడు. అతని దగ్గర మూడు మాటలు తయారుగా ఉన్నాయి. ఆకలేస్తోంది. ఇంటికి పోదాం. కోడిపిల్ల చచ్చిపోయింది.

పెట్ట గొంతులో సన్నగా ఏదో అంది.

మౌలాలి నోరు మూసుకున్నాడు.

"నా... నా..." మీరాబీ మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్ళు మూసుకుంది. దర్గా మేక ఒకటి తీరిగ్గా వచ్చి, గంప ముందున్న జొన్నలన్నీ తినేసి పోయింది.

"నా... నాన్నా, ఇది నా చే... చేతిని తం... తంతోంది."

దోసిలి విప్పింది. మెడ వాల్చేసిన పిల్ల, పుల్లల్లాంటి కాళ్ళతో ఆమె అరచేతిని నెడుతోంది.

మౌలాలి దాన్ని చూశాడు. తన కూతుర్ని చూశాడు. అతని దగ్గరున్న మూడింటిలో ఈ మాట లేదు.

తాత లోపలికి వెళ్ళి నల్లదారం, తాయెత్తు పట్టుకొచ్చాడు. మౌలాలి వైపు చూడనే లేదు. మీరాబీ ముందు కూర్చున్నాడు.

"ఏం తల్లీ, కట్టమంటావా?"

మీరాబీ పెదాలు కదిలాయి.

మౌలాలి అప్పుడప్పుడే తిమ్మిరి వదిలిన చేతుల్ని మళ్ళీ తొడల కింద పెట్టుకున్నాడు.