పిండిమర వారి పాప, మూడు పౌడరు డబ్బాలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక పిండిమర ఉండేది. ఈ కథలో రాజు లేడు, రాణి లేదు, పిండిమరే ఉంది. నచ్చకపోతే అటు తిరిగి పడుకో. నచ్చిందా? అయితే ఊఁ కొట్టు.

ఆ మర లక్షుంనాయుడిది. ఎవరు చోళ్ళు తెచ్చినా, జొన్నలు తెచ్చినా, ముందు చేటలో పోసి తనే కూర్చుని రాళ్ళు ఏరేవాడు. "నా మరలో రాయి పడ్డాదంటే నా పరువు పోయినట్టే" అనేవాడు. మర ఆడేటప్పుడు ముక్కుకి తువ్వాలు బిగించి కట్టుకునేవాడు. వాళ్ళ నాన్న కట్టుకోలేదు మరి. ఆ పిండి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చి, దగ్గి దగ్గి పోయాడు పాపం. ఆ తువ్వాలు సంగతి గుర్తుపెట్టుకో బంగారూ, మళ్ళీ దాంతో పని ఉంది.

లక్షుంనాయుడి పెళ్ళాం పైడితల్లి. పెళ్ళైన ఆరేళ్ళకి వాళ్ళకో ఆడపిల్ల పుట్టింది. నేరేడుపండులా నిగనిగలాడే పిల్ల. పైడితల్లికి చూసుకోవడానికి రెండు కళ్ళూ చాల్లేదు. కానీ లక్షుంనాయుడి తల్లి అసిరమ్మ ఉందే, ఆవిడకి బెంగ పట్టుకుంది. చెడ్డదేం కాదు, మనవరాలంటే ప్రాణమే. మూడో నెలలో పిల్లని ఉయ్యాల్లో వేసి పేరు పెట్టాలి కదా. ఆ రోజు చుట్టాలంతా వచ్చి "ఇంత నలుపేటి?" అంటారని బెంగ.

ఈలోగా చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒట్టి చేతులతో వస్తారా? అసిరమ్మ ఆడపడుచు ఒక పౌడరు డబ్బా తెచ్చింది. పాప మేనమామ ఒకటి తెచ్చాడు. పక్కింటావిడ ఇంకోటి. మూడు డబ్బాలూ గూట్లో వరసగా కూర్చున్నాయి.

ఇంకేం, అసిరమ్మకి పండగే పండగ. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పాపని కాళ్ళమీద వేసుకుని కమ్మగా నీళ్ళు పోసేది. తుడిచేది. అప్పుడు అరచేతిలో ఇంత పౌడరు ఒంపుకుని టపటపా, టపటపా! మొహం, మెడ, చంకలు, ఒకటేమిటి. పాప సున్నం కొట్టిన గోడలా తయారయ్యేది.

మొదటి డబ్బా తెరిచిన నాడు పాప తుమ్మింది. "చిరంజీవ!" అని మెటికలు విరిచింది అసిరమ్మ.

ఆ తర్వాత రెండో డబ్బా తెరిచిన నాడు పాప దగ్గింది. "దిష్టి తగిలింది" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గారు!

పైడితల్లికి మనసు కుదుటపడలేదు. పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సమ్మని అడిగింది.

"పౌడరంటే ఏమనుకున్నావమ్మా? పిల్లలు రాసుకునే బలపం లేదూ, చాలా డబ్బాల్లో ఉండేది అలాంటి మెత్తటి రాయి పిండే" అంది నర్సమ్మ. "అది గాల్లో లేచి పసిపిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతే కష్టం. పైగా అందులో చెడ్డ రాయి పొడి కూడా కలుస్తుందేమోనని పెద్దపెద్ద డాక్టర్లే వాదులాడుకుంటున్నారు. ఆ వాదన తేలేదాకా మన పిల్ల మీద పరీక్షెందుకు? మడతల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దు, చాలు."

పైడితల్లి ఇంటికొచ్చి అత్తకి చెప్పింది. "నీ మొగుడికి నేను రాయలేదేటే? గుండ్రాయిలాగ లేడూ?" అంది అసిరమ్మ.

అప్పుడు మొగుడికి చెప్పింది. లక్షుంనాయుడు తల గోక్కున్నాడు. "నర్సమ్మ ఊరికే చెప్పదు. కానీ డబ్బా మీద పసిపిల్ల బొమ్మేసి మరీ అమ్ముతున్నారు కదే, అంత ప్రమాదమైతే అమ్మనిస్తారా? రాయకపోతే చెమటకాయలు పేలితే? అమ్మ మనసు కూడా కష్టపడతాది."

"అమ్మ మనసు పెద్దదే మావా. పాప ముక్కే చిన్నది" అంది పైడితల్లి.

"ఉయ్యాల రోజు వెళ్ళనీ, అప్పుడు చూద్దాం" అని తప్పించుకున్నాడు. రేపు చూద్దాం, మాపు చూద్దాం అనే మగాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. సర్లే, విను.

మర్నాడు పొద్దున్న అసిరమ్మ మూడో డబ్బా తెరిచింది. చెయ్యి తడిగా ఉందేమో, మూత ఊడి డబ్బా అంతా బోర్లా పడింది. తెల్లటి మబ్బు లేచింది. పాప ఒక్కసారి గుటక వేసినట్టు చేసి, ఊపిరి బిగబట్టేసింది. పెదాలు నీలంగా తిరిగాయి.

పైడితల్లి ఒక్క గెంతులో వచ్చి పాపని లాక్కుంది. ముక్కూ నోరూ తుడిచి, వీపు నిమురుతూ పెరట్లోకి, గాలిలోకి పరుగెత్తింది. ఒక క్షణం. రెండు క్షణాలు. మూడో క్షణానికి పాప కెవ్వుమంది!

అమ్మయ్య. ఏడుపు వింటే అంత సంతోషం ఎప్పుడైనా వేసిందా నీకు? ఆ రోజు వాళ్ళకి వేసింది. అయినా ఆగకుండా ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారు. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, సాయంత్రం దాకా ఉంచుకుని చూసి, గండం గడిచిందన్నాడు.

పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చారు. అసిరమ్మ చీపురు తీసి ఆ పౌడరు ఊడవబోయింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో పౌడరు లేచి, అలా తేలుతూ ఉండిపోయింది. కిందికి దిగదే! అచ్చం పిండిమరలో దుమ్ములాగే.

పైడితల్లి మొగుడి మెడలో వేలాడే తువ్వాలు పట్టుకుంది. "మావా, చోళ్ళ పిండికే నువ్వు ముక్కుకి గుడ్డ కట్టుకుంటావు. ఇది రాయి పిండి. మరి పాప ముక్కుకి ఎవరు కడతారు?"

లక్షుంనాయుడు ఎండలో తేలే ఆ దుమ్ము వంక చూశాడు. ఊరందరి గింజల్లో రాయి ఏరేవాడు, తన ఇంట్లో పిల్ల ముక్కులోకి రాయి పోనిచ్చాడు! సిగ్గుతో తల దించుకున్నాడు.

అసిరమ్మ చీపురు వదిలేసి కూలబడిపోయింది. ఆ దుమ్ము పొట్టన పెట్టుకున్నది ఆవిడ పెనిమిటినే కదా. "నా చేతులతో నేనే చేస్తున్నానే తల్లీ" అని కోడల్ని పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇల్లంతా తడిగుడ్డ పెట్టింది. మిగిలిన డబ్బాలు తీసుకెళ్ళి వీధి అరుగు మీద క్యారంబోర్డు ఆడే కుర్రాళ్ళకి ఇచ్చేసింది. "బోర్డు మీదే చల్లండి, గాల్లో ఎగరేశారంటే వీపులు పగలగొడతాను" అని కూడా చెప్పింది.

ఉయ్యాల రోజు రానే వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. పాప ఒంటిమీద పౌడరు చుక్క లేదు, బుగ్గన దిష్టిచుక్క తప్ప. ఆడపడుచు గుమ్మంలోనే మొదలెట్టింది. "ఏటి అసిరీ, నేను తెచ్చిన పౌడరేదీ? పిల్ల నల్లగా అలా కనపడిపోతంది!"

అప్పుడు అసిరమ్మ లేచి, పాపని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.

"కనపడనీ వదినా! అందుకే కదా అందర్నీ పిలిచాం. కస్తూరి నల్లగానే ఉంటాది. దానికి ఎవరైనా పౌడరు రాస్తారేటి? ఇది మా కస్తూరి. అదే దీని పేరు!"

లక్షుంనాయుడు ఆ పేరు పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాడు. కస్తూరి గుండెనిండా గాలి పీల్చి ఒక్క కేక పెట్టింది చూడూ, వీధి చివరి మర దాకా వినపడింది! ఆడపడుచుతో సహా అందరూ నవ్వేశారు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఏ ఇంట పసిపిల్ల పుట్టినా నీళ్ళు పోయడానికి అసిరమ్మనే పిలిచేవారు. ఆవిడ వెళ్తూ పాత నేతచీర ముక్క ఒకటి పట్టుకెళ్ళేది, తడి అద్దడానికి. కస్తూరి పెద్దదై, మర హోరులో కూడా "నానా, అన్నానికి రా!" అని అరిస్తే మర ఆగేది.

మరి పొద్దున్న నీ తమ్ముడి మొహం మీద పౌడరు డబ్బా దులపబోయిందెవరు? నువ్వు కాదులే, పిల్లి అయ్యుంటుంది. ఆ పిల్లితో చెప్పు, డబ్బా తెచ్చి నాకిచ్చెయ్యమని. ఇక కళ్ళు మూసుకో.

డబ్బాలేమో క్యారంబోర్డుకి,
మెత్తటి గుడ్డ పాప మెడకి,
చల్లటి గాలి చిట్టి ముక్కుకి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి!