ఐసు ఫ్యాక్టరీ వచ్చిన పేట

పోలయ్య మాస్టారు ప్రశ్న వినగానే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, అడిగినవాడు తన ప్రశ్న తానే మరిచిపోయేదాకా ఊరుకునేవారు. నా ప్రశ్నలు చాలామటుకు అలాగే తీరిపోయాయి. అర్థశాస్త్రమంతా నేను ఒక్క పుస్తకం కొనకుండా ఆయన వరండాలోనే నేర్చుకున్నాను. ఎంత వచ్చిందని మాత్రం అడక్కండి. ఆ వరండా, ఆ సాయంత్రాలు ఇప్పుడు లేవు.

నాతోపాటు ఆ వరండాకి వచ్చే జోగారావు మరిచిపోయే రకం కాదు. ఇరుగుపొరుగు దేశాలు తమలో తాము సుంకాలు ఎత్తేసుకుని కూటమి కడుతున్నాయి గదా, అందులో చేరిన చిన్న దేశానికి పైవాళ్ళ పెట్టుబడి వస్తే మేలేనా అని అడిగాడు. మాస్టారు తన చిన్ననాటి సంగతి ఎత్తుకున్నారు.

వాళ్ళ తీరంలో నాలుగు బెస్తపేటలు. ప్రతి పేట మొదట్లోనూ దారికి అడ్డంగా ఒక వెదురు. దాటే చేపల తట్టకు ఒక చేప, పట్నం నుంచి ఊక కప్పి తెచ్చే ఐసు బండికి ఒక దిమ్మ అక్కడ దించాలి. తట్టలు మోసే ఆడవాళ్ళు తిట్టగా తిట్టగా, పెద్దలు కూర్చుని తమ మధ్య వెదుళ్ళు పీకేశారు. పట్నం దారిలో మాత్రం నాలుగు పేటలకీ కలిపి ఒక లావుపాటిది కట్టి, బండికి అయిదు దిమ్మలన్నారు.

నెల తిరక్కుండా పట్నం ఐసు వ్యాపారి వెంకటరత్నం వచ్చి, అన్నిటికన్నా చిన్నదైన మాస్టారి పేటలో ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు. లోపల చేసిన ఐసుకి ఏ వెదురూ అడ్డం రాదు. పేటవాళ్ళు మాత్రం తమ మంచితనం చూసి వచ్చాడనుకుని డప్పులతో ఎదురెళ్ళారు. ఆ డప్పుల వెనక ఎగిరినవాళ్ళలో తానూ ఉన్నానని మాస్టారు నవ్వారు. ఆ ఏడు వాళ్ళ చేప మొదటిసారి ఎర్రటి మొప్పలతో పట్నం చేరిందట.

రెండేళ్ళకి వెంకటరత్నం, మంచినీళ్ళ బావి మొత్తం తనకే వదలకపోతే పక్క పేటకి పోతానన్నాడు. పేటకున్నది ఆ ఒక్క బావే. ఐసు పోతే పట్టిన చేప కుళ్ళుతుంది. బావి పోతే తాగడానికి చుక్క ఉండదు. పేట పెద్ద దానయ్య బావి ఇచ్చేద్దామన్నాడు. అప్పుడు ఎండుచేపలమ్మే నూకాలు లేచింది.

"బావి మొత్తం ఇవ్వొద్దు పెద్దయ్యా, సగం తోడుకోమను. పోయేవాడు ఎలాగూ పోతాడు. ఉన్నన్నాళ్ళూ ఆ మిషను విప్పడం, బిగించడం మా కోడలికి నేర్పమను."

నీ కోడలు మిషనుకీ ఉప్పేసి ఎండబెడుతుందని దానయ్య ఎకసెక్కమాడాడు. పక్క పేటవాళ్ళు ఇస్తామన్న బావి సగం ఉప్పునీళ్ళేనని వెంకటరత్నానికి తెలుసు. పైగా ఇది ఖర్చులేని కోరిక. నవ్వి ఒప్పుకున్నాడు.

మరో మూడేళ్ళకి, ఉత్తరాన ఇంకో ఏడు పేటలు కలిసి ఇంకా లావు వెదురు కట్టాయి. వెంకటరత్నం అటు వెళ్ళిపోయాడు, ఆమధ్య తెప్పించిన కొత్త మిషను బండెక్కించుకుని, అరిగిపోయిన పాతది వదిలేసి. నూకాలు కోడలు అచ్చియ్యమ్మ ఆ పాతదాన్ని మూడు రోజులు విప్పి, బిగించి, నాలుగోనాడు ఒక దిమ్మ దించింది. పగుళ్ళున్నా అది ఐసే.

జోగారావుకి తృప్తి కలగలేదు. ఇంతకీ ఆ పెద్దమనిషి పేట బాగుకోసం వచ్చినట్టా, తన బాగుకోసమా అన్నాడు. నేనైతే ఆపాటికి ఐసు గురించే ఆలోచిస్తున్నాను.

"అది ఆయన్ని అడగాలి," అన్నారు మాస్టారు. "మేం అడగాల్సింది నూకాలు అడిగింది."