బుచ్చెన్న మగ్గానికి రాజముద్ర

అనగా అనగా, ఏరు దాటి, ఆ ఏటి అవతలి అడవి దాటి వెళితే ఒక రాజ్యం. ఆ రాజ్యంలో త్రిపురాంతకయ్య అనే ధర్మాధికారి ఉండేవాడు. ఎవరైనా చనిపోతే వాళ్ళ ఆస్తి ఎవరికి చెందాలో తేల్చడం ఆయన పని. లంచం ముట్టడు. మాట మార్చడు. "చట్టానికి చిన్న ఇల్లనీ పెద్ద ఇల్లనీ లేదు" అని తరచూ అనేవాడు. అలా అన్నప్పుడల్లా ఆయనకు తన మీద తనకే గౌరవం కలిగేది.

అక్కడి పద్ధతి ఇది. మనిషి పోగానే ఆ ఇంటి తలుపుకు లక్కతో రాజముద్ర వేస్తారు. వారసులు తేలేదాకా తలుపు తీయకూడదు. కోట ఉన్న దొరకైనా అంతే, గుంట మగ్గం ఉన్న నేతగాడికైనా అంతే.

ఒక వానాకాలం ముందు సాలెవీధిలో బుచ్చెన్న అనే నేతగాడు కన్నుమూశాడు. అతనికి ఉన్నది ఒకే గది. అందులో నేలలోకి తవ్విన గుంట మీద మగ్గం. మగ్గం మీద తన చేత్తో గంజి పట్టించి బిగించిన పడుగు దారాలు. ఒక్కతే కూతురు నాంచారి. భటులు వచ్చి గదికి ముద్ర వేసిపోయారు. నాంచారి పక్కింటి తిప్పయ్య తాత అరుగు మీద చేరింది.

సాలెవీధిలో పాత ఆచారం ఒకటుంది. కర్మలయ్యాక వారసులు వీధి జనం ముందు మగ్గంలో కూర్చుని ఒక్క పోగు నేస్తారు. పెద్దమనిషి "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడుగుతాడు. ఎవరూ నోరు మెదపకపోతే మగ్గం వాళ్ళదే.

నాంచారి ధర్మాధికారి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారూ, ముద్ర తీయించండి. వీధి ముందు పోగు వేసుకుంటాను. గంజి పట్టిన నూలు, అలికిడి లేకపోతే ఎలుకలు కొట్టేస్తాయి."

త్రిపురాంతకయ్య నవ్వాడు. "పోగు వేస్తే వారసత్వం వస్తుందటమ్మా? చుట్టుపక్కల ఊళ్ళలో దండోరా వేయించాలి. వేరే హక్కుదారులు ఉండొచ్చు."

"మా నాన్న ఈ వీధి దాటి ఎరగడు అయ్యగారూ."

"అది నువ్వు చెప్పే మాట."

దండోరా వేశారు. ఎవరూ రాలేదు. నాంచారి రెండోసారి వెళ్ళింది.

"నువ్వు బుచ్చెన్న కూతురివేనని ఎవరు చెబుతారు?" అన్నాడు ధర్మాధికారి.

నాంచారి తిప్పయ్య తాతను వెంటబెట్టుకు వచ్చింది. ఆ ముసలాయన కర్ర ఆనించుకుని నిలబడి, "ఇది పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపుకి మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి బాబూ. ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు. గుమాస్తాలు నవ్వారు. త్రిపురాంతకయ్య నవ్వలేదు. "సాక్ష్యం విన్నాం. కొలువు కూడినప్పుడు తీర్పు" అని పంపేశాడు.

ఆ రోజుల్లోనే తమలపాకుల వర్తకుడు కోటప్ప సెట్టి చనిపోయాడు. అతని కొడుకులు పల్లకీలో వచ్చారు. "అయ్యా, కొట్టు నిండా ఆకు ఉంది. తలుపు మూసి ఉంటే కుళ్ళిపోతుంది" అన్నారు. మాట సబబుగానే తోచింది. ఆ సాయంత్రమే త్రిపురాంతకయ్య దగ్గరుండి ముద్ర తీయించి, సరుకు బయటపెట్టించి, మళ్ళీ ముద్ర వేయించాడు.

వానలు పట్టాయి. నాంచారి మూడోసారి వచ్చింది. పగలంతా ఇతరుల ఇళ్ళలో నూలు చుట్టి గంజి తాగుతోంది. మనిషి సగమైంది.

"అయ్యగారూ, గుంటలోకి నీరు దిగుతుంది. నాకేమీ ఇవ్వొద్దు. ఒక్కసారి తలుపు తీయించండి, నీళ్ళు తోడి మళ్ళీ మీ ముద్ర కిందే వదిలేస్తాను."

తీయిద్దామని ఆయనకు అనిపించింది కూడా. కానీ గుమాస్తాలంతా చూస్తున్నారు. ఒక ఆడపిల్ల అడిగితే మెత్తబడ్డాడని అనుకుంటారేమో అనుకున్నాడు. "చట్టం చట్టమే" అని అటు తిరిగాడు.

చివరికి కొలువు కూడింది. మగ్గం నాంచారిదేనని తీర్పు వచ్చింది. అప్పగించడానికి త్రిపురాంతకయ్య తానే బయలుదేరాడు. న్యాయం జరగడం వీధి కళ్ళారా చూడాలని ఆయన కోరిక.

లక్క పగలగొట్టారు. తలుపు తీయగానే కుళ్ళు వాసన కొట్టింది. గుంట నిండా మురికి నీరు. మగ్గం కర్ర ఉబ్బి చీలింది. పడుగు దారాలు ఎలుకలు కొరికిన చోటల్లా తెగి, పీలికలై వేలాడుతున్నాయి.

ఆస్తి అప్పగించేటప్పుడు ధర్మాధికారి అందరికీ వినబడేలా ఒక మాట చెప్పాలి. "బుచ్చెన్న సొత్తు చెక్కుచెదరకుండా..." అని మొదలుపెట్టాడు త్రిపురాంతకయ్య. గుంటలోని నీటి మీద చూపు పడి ఆగిపోయాడు.

"కానీయండి బాబూ, వింటున్నాం" అన్నాడు తిప్పయ్య తాత. "సెట్టిగారి ఆకు కుళ్ళుతుందంటే ఆ సాయంత్రమే తలుపు తీశారట కదా. ఆకుకున్న ప్రాణం నూలుకు లేకపోయిందా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకు. సెట్టి దగ్గర పైసా ముట్టలేదు, నిజమే. అయినా పల్లకీ దిగి చెప్పిన మాట తెలివిగా వినిపించింది. కాలినడకన వచ్చి చెప్పిన మాట నసగా వినిపించింది. ఇన్నాళ్ళూ చట్టానికి తేడా లేదనుకున్నాడు. తేడా తన చెవుల్లోనే ఉంది.

నాంచారి ఏడవలేదు, తిట్టలేదు. చెంబు తీసుకుని గుంటలో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. ఆయన తలదించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, ఒక గది, ఒక పనిముట్టు ఉన్న ఇళ్ళకు ముద్ర వద్దు. వీధి జనం ముందు వారసులు ఆ పనిముట్టు చేతపడితే చాలు. తరవాత ఎవరికైనా అన్యాయం జరిగిందని తెలిస్తే కొలువు తలుపు ఎలాగూ తెరిచే ఉంటుంది."

రాజు సంతోషించి శాలువా తెప్పించాడు. త్రిపురాంతకయ్య వెనక్కి జరిగాడు.

"వద్దు ప్రభూ. ఈ మాట ఒక నేతపిల్ల నాకు మొదటే చెప్పింది. దాని బతుకుతెరువు కుళ్ళిపోయాక గాని నాకు బుర్రకెక్కలేదు."

రాజు శాలువా పక్కన పెట్టించాడు. "మరి ఆ పిల్లకు మగ్గం ఎవరిస్తారు?"

"నేనే ఇస్తాను ప్రభూ."

తన బిరుదు కంకణం అమ్మి కొత్త మగ్గం చేయించాడు. వీధివాళ్ళు తలా కాస్త నూలు వేసి పడుగు పోశారు. నాంచారి మగ్గంలో కూర్చుని, దారం చుట్టిన నాడెను పడుగు మధ్యగా విసిరి ఒక్క పోగు నేసింది.

"ఎవరికైనా అభ్యంతరమా?" అని తిప్పయ్య తాత అడిగాడు. వీధంతా నిశ్శబ్దం. తాత గుమ్మం బయట నిలబడ్డ మనిషి వైపు తిరిగాడు. "అధికారిగారూ, తమరికి?"

"లేదు" అన్నాడు త్రిపురాంతకయ్య.

ఒక్క మాట. మొదటి రోజున అని ఉంటే బుచ్చెన్న గంజి పట్టించిన పడుగు కూతురి చేతికి దక్కేది.

"లోపలికి రండి అయ్యగారూ, మజ్జిగ తాగి వెళుదురు" అంది నాంచారి. తాత అన్న మాటకంటే ఆ పిలుపే ఆయనను ఎక్కువ కోసింది. తలెత్తలేక, కాదనలేక, గుమ్మంలోనే నిలబడి తాగాడు.

బీదవాడికి చెందవలసిన కొద్దిపాటి సొత్తును దగ్గరి దారిన చేర్చడమే ధర్మం. పెద్ద దారుల వెంట తిప్పినవాడు లంచం ముట్టకపోయినా దోషే.