పేజీ తెరుచుకున్నాకే గోవింద

"భక్తితో పెట్టింది బరువెలా అవుతుంది స్వామీ?" అని అడిగాడు భార్గవ.

అయ్యలారా, అమ్మలారా, అడిగినవాడు చదువుకున్నవాడే. కొండల దిగువన విమలబోధ స్వామివారి ఆశ్రమంలో ఉంటూ, అక్కడి ఉచిత కంటి వైద్యశాలకు వెబ్‌సైటు తయారుచేసినవాడు. శుక్లాలు తీసే డాక్టర్లు నెలకోసారి పట్నం నుంచి వస్తారు. ఆపరేషన్ కావలసినవాళ్ళు ఆ సైటులోనే పేరు నమోదు చేసుకోవాలి, వేరే దారి లేదు. చోట్లు నిండిపోతే మళ్ళీ వచ్చే నెలే. కొండమీది వాళ్ళ పాత ఫోన్లలో ఆ పేజీ తెరుచుకునేసరికి చోట్లన్నీ నిండిపోయేవి.

కారణం చెబితే నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. పేజీ తెరవగానే గోపురం వీడియో. దానికి తోడు మంగళవాద్యం. ఆ వెనుక పరంపరలోని గురువులందరి పటాలు. గోడకు తగిలించుకోదగ్గంత పెద్ద ఫోటోలు, ఫోనులో బొటనవేలంత కనబడడానికి! పేరు నమోదు చేసే మీట మాత్రం అన్నిటికంటే అడుగున. "పేజీ బరువైపోయింది, ఫోటోలు కాస్త కుదించరాదా నాయనా" అని ఎవరో అంటే మనవాడు చెంపలు వేసుకున్నాడు. "గురువుల్ని కుదించడమా! ఎంత అపచారం!" ఆ తగువే చివరికి ప్రశ్నై స్వామి ముందుకు వచ్చింది.

స్వామి "భోజనాల వేళయింది, పద" అని లేచారు.

ఆ మధ్యాహ్నమే కొత్త నెలకు పేర్లు తీసుకోవడం మొదలైంది. పంక్తిలో పోలమ్మ అనే కొండ ఊరి ఆవిడ ఫోను పట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె భర్త గంగులు, రెండు కళ్ళకూ శుక్లాలు. ఊళ్ళో ఎలాగూ తెరుచుకోవడం లేదు, ఇక్కడైనా తెరుచుకుంటుందేమోనని పెనిమిటి చెయ్యి పట్టుకుని కొండ దిగివచ్చింది.

"తెరుచుకుందా తల్లీ?" అన్నారు స్వామి.

"గానుగెద్దునాగ గుండ్రంగా తిరగతంది సామీ. నూనె మాత్రం రాదు."

పంక్తి గొల్లుమంది. భార్గవ ముఖం ఎర్రబడింది. "అమ్మా, నా కంప్యూటరు తెస్తాను, అందులో నొక్కేయండి" అన్నాడు.

"ఈమె ఊళ్ళో నీ కంప్యూటరు ఎవరింట్లో ఉంది నాయనా?" అన్నారు స్వామి. ఆపై వడ్డించేవాళ్ళ వైపు తిరిగి, "పిల్లలకు పెట్టేయండి. పెద్దలం ఆగుదాం. ఈ తల్లి ఫోనులో పేజీ తెరుచుకున్నాకే గోవింద" అన్నారు.

మన పంక్తి మర్యాద మీకు తెలియనిదా? గోవింద అననిదే ముద్ద ఎత్తం. విస్తళ్ళలో వేడి అన్నం, పప్పు, పైన నెయ్యి. ఎత్తే చెయ్యి లేదు. అందరి చూపూ పోలమ్మ ఫోను మీదే. వాద్యం ఒక్కసారి పీక్కుమని ఆగిపోయింది. చాలాసేపటికి మొదటి పటం పైనుంచి కొంచెం కొంచెంగా దిగడం మొదలుపెట్టింది.

"పెద్దసామి బొట్టు కాడికి వొచ్చారు" అంది పోలమ్మ.

గంగులు ఆత్రంగా ఆమె వైపు వంగాడు. "కళ్ళొచ్చాయా?"

"ఇంకా నేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గంగులు మళ్ళీ నిటారుగా కూర్చుని, చల్లారుతున్న విస్తరిని తడిమి చూసుకున్నాడు. భార్గవ ఇక అక్కడ నిలబడలేకపోయాడు. పరుగున వెళ్ళి కంప్యూటరు తెచ్చుకుని, పంక్తి చివర నేలమీదే బాసింపట్టు వేసుకున్నాడు. నమోదు మీటను అన్నిటికంటే పైకి తెచ్చాడు. వీడియోను, వాద్యాన్ని కోరి నొక్కినవాళ్ళకే వచ్చేటట్టు పక్కన పెట్టాడు. ఒక్కొక్క గురువుకూ మనసులో దండం పెట్టుకుంటూ పటాలన్నిటినీ కుదించాడు. చూసేవాళ్ళు కిందికి జరిపితేనే అవి వచ్చేటట్టు అడుగుకు చేర్చాడు. "ఇప్పుడు మళ్ళీ తెరవండమ్మా" అన్నాడు.

పోలమ్మ నొక్కింది. ఆమె వేలు ఎత్తిందో లేదో, పేజీ ఎదురుగా ఉంది.

"వొచ్చీసింది!" అని కేకపెట్టింది. చోట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. గంగులు పేరు ఎక్కింది. ఆ వెనుకే కొండమీది ఊళ్ళ పేర్లు కూడా ఒకటొకటిగా పడసాగాయి. అప్పుడు లేచింది చూడండి గోవింద నామం, భోజనశాల పైకప్పు అదిరిపోయింది!

భార్గవ మాత్రం చేతులు కట్టుకుని స్వామి ముందు నిలబడ్డాడు. "గురువులందరినీ అడుక్కి దించేశాను స్వామీ. ఇంక వారిని ఎవరు చూస్తారు?"

స్వామి పప్పన్నం కలుపుతూ గంగులు వైపు చూశారు.

"ఆయన చూస్తాడులే" అన్నారు.