రెండు గదుల నాలుగో తరగతి

దత్తాత్రి సారును ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయనకు ముందుగా వచ్చేది విసుగు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లల ప్రశ్నలు ఎంతో ఓపికగా విన్న మనిషి, రిటైరయ్యాక పెద్దవాళ్ల ప్రశ్నలు మాత్రం భరించలేకపోయేవాడు. "నన్నడిగితే ఏం తెలుస్తది? పోయి చేసి చూడు" అనేవాడు. లేకపోతే వినపడనట్టు పేపర్లో తల దూర్చేవాడు. అయినా ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకున్నవాళ్లు ఆయన గడప తొక్కడం మానలేదు. వాళ్లలో సుచరిత ఒకతె.

సుచరిత ఆదిలాబాదు వైపు ఒక పట్టణంలో సర్కారు ప్రాథమిక పాఠశాలకు హెడ్మిస్ట్రెస్. అది మామూలు బడి కాదు. లెక్కలూ సైన్సూ ప్రత్యేకంగా నేర్పడానికి పెట్టింది. ఏ వాడ పిల్లలైనా చేరవచ్చు. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కావడంతో ఏటా ఎండాకాలంలో లాటరీ తీసేవారు. అందువల్ల బట్టల షావుకారు కూతురూ, పత్తి జిన్నింగు మిల్లు కూలీ కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఒకరింట్లో మరాఠీ, ఇంకొకరింట్లో ఉర్దూ, మరొకరింట్లో గోండీ. బడికి పేరు మాత్రం మార్కుల వల్లే వచ్చింది. ఆ మార్కులే ఇప్పుడు సుచరిత ప్రాణం తోడేస్తున్నాయి.

గొడవంతా నాలుగో తరగతిది. సగంమంది చెప్పీచెప్పకముందే లెక్క చేసి చూపించేవారు. తక్కినవాళ్లు పాస్ మార్కుల దగ్గర కొట్టుకుంటూ ఉండేవారు. జంగుబాయి అని ఒక పిల్ల ఉండేది. ఆమె తండ్రి పని కోసం గూడెం విడిచి వచ్చి పత్తి మిల్లులో కుదిరాడు. ఆ పిల్లకు మొహమాటం తెలియదు. పాఠం మధ్యలో లేచి నిలబడి, "అర్థం కాలేదు టీచర్" అనేది. మళ్లీ చెబితే విని, కాసేపు ఆలోచించి, మళ్లీ అదే మాట అనేది. తరగతి మొత్తం ఆగిపోయేది. సుచరిత చిరునవ్వుతోనే మళ్లీ చెప్పేది గాని, లోపల పళ్లు నూరుకునేది.

పేరెంట్స్ కమిటీ చైర్మన్ గంగాధర్ చిద్రవార్ వారం వారం వచ్చి కూర్చునేవాడు. "మేడం, మా రితికకు వచ్చిన లెక్కనే మళ్ల మళ్ల చెప్తున్నరట. ఆ ఒక్క పిల్ల కోసం క్లాసంత ఆగుతదట. మా పిల్లల సంగతేంది?" అనేవాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదని సుచరితకు తెలుసు. అదే ఆమెకు ఎక్కువ చిరాకు.

చివరికి ఒక ఆదివారం పొద్దున దత్తాత్రి సారు ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

"సార్, ఈ ఒక్కసారి నేరుగా జవాబు చెప్పండి" అంది. "ముందున్న పిల్లల్నీ వెనకున్న పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెడితే ముందున్నవాళ్లకు నష్టం కాదా?"

"అయితే విడగొట్టు" అన్నాడాయన.

సుచరిత తెల్లబోయింది. ఆయన కోప్పడతాడనీ, అప్పుడు తన బాధంతా వెళ్లగక్కవచ్చుననీ దారి పొడుగునా మాటలు పేర్చుకుని వచ్చింది. "నిజంగానే అంటున్నరా సార్?"

"ఒక నెల విడగొట్టి చూడు. ముందున్నవాళ్లకు నువ్వే చెప్పు. నెలాఖరు పరీక్ష అయినంక మాట్లాడుదాం" అని ఆయన నూనె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడే నాలుగో తరగతి రెండు గదులైంది. బాగా చదివేవాళ్లు సుచరిత దగ్గర, మిగిలినవాళ్లు అదే బడిలో పనిచేసే మొయిన్ సారు దగ్గర. "తేలికగా చెప్పండి, తొందర పెట్టకండి" అని ఆమె మొయిన్ సారుకు చెప్పింది. చైర్మన్ స్వీటు డబ్బా పంపించాడు.

మొదటి రోజులు సుచరితకు పండగలా గడిచాయి. ఆగేది లేదు, వెనక్కి వెళ్లేది లేదు. "అర్థమైందా?" అంటే గదిలో తలలన్నీ ఒక్కసారే ఊగేవి. నెలలో చెప్పాల్సిన భిన్నాలు సగం నెలకే అయిపోయాయి. ఇన్నాళ్లూ ఇలా చెప్పలేకపోయానే అని ఆమె నొచ్చుకుంది కూడా.

నెలాఖరు పరీక్షలో ఆ గది పిల్లల మార్కులు పడిపోయాయి. అందరూ కలిసి ఉన్నప్పుడు తెచ్చుకున్నంత కూడా రాలేదు. సుచరిత పేపర్లన్నీ మళ్లీ దిద్దింది. తేడా ఏమీ రాలేదు. ఇక గంగాధర్ వచ్చి, ఈసారి కుర్చీలో కూడా కూర్చోకుండా, "ఏరి కోరి మంచి పిల్లల్ని ఇస్తే గిట్లయితే ఎట్ల మేడం? చెప్పుడే సరిగ లేదేమో" అన్నాడు.

ఆమె ఆ సాయంత్రమే దత్తాత్రి సారు ముందు నిలబడింది. "మీ మాట విని చేసిన సార్. అటు మాటలు పడుతున్న, ఇటు మార్కులు పోయినయి. ఇప్పుడేమంటరు?"

"నేనేమంట? రేపు మీ బడికొస్త" అన్నాడాయన, అది కూడా తనకు పెద్ద కష్టమన్నట్టు.

మర్నాడు ఆటో దిగి, బడి మెట్లను తిట్టుకుంటూ ఎక్కి, సుచరిత తరగతిలో చివరి బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పిల్లలు ఆయన వైపు ఒకసారి చూసి తలలు తిప్పుకున్నారు. పరీక్షలో ఎక్కువమంది తప్పిన లెక్కనే మళ్లీ తీసుకుని, సుచరిత బోర్డు మీద మూడో వంతును సగంతో గుణించింది. పైది పైదానితో, కిందిది కిందిదానితో. జవాబు ఆరో వంతు. "అర్థమైందా?" అని అడిగింది. తలలన్నీ ఊగాయి.

వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. అది దత్తాత్రి సారుది.

"నాకు అర్థం కాలేదు టీచర్" అన్నాడాయన. "గుణిస్తే పెరగాలె గద. మూడో వంతు కంటె ఆరో వంతు చిన్నది. తగ్గిందేంది?"

ఎవరూ నవ్వలేదు. అప్పుడు ముందు బెంచీలోంచి గంగాధర్ కూతురు రితిక చెయ్యి మెల్లగా పైకి లేచింది. "నాకూ కాలేదు టీచర్." ఆమె పక్కనున్న పిల్లవాడూ చెయ్యి లేపాడు. ఆ వెనక ఇద్దరు, ఆ తర్వాత చూస్తుండగానే సగం తరగతి.

సుచరితకు ముఖం వేడెక్కింది. సారు ముందు తల తీసేసినట్టైంది. "నెల రోజుల నుంచి అడుగుతున్న కద అర్థమైందా అని. ఒక్కరన్నా చెప్పిండ్రా?"

రితిక తల దించుకుని చెప్పింది: "అంతకుముందు జంగుబాయి అడిగేది టీచర్. మేం వినేటోళ్లం. ఇక్కడ అడిగితే ఆ రూముకు పంపుతరేమో అని..." ఆ పిల్ల మాట పూర్తి చేయలేదు.

సుచరిత చాక్‌పీసు బల్ల మీద పెట్టి రెండో గదికి నడిచింది. సారు కుంటుకుంటూ వెనకే వచ్చాడు. అక్కడ పిల్లలు ఎక్కాలు చూసి రాస్తున్నారు. జంగుబాయి కిటికీ పక్కన కూర్చుని అందరికంటే ముందే రాసేసి, చెంపకు చెయ్యి ఆనించి బయటికి చూస్తోంది.

"ప్రశ్నలు అడుగుత లేవట, ఎందుకు?" అని సుచరిత ఆ పిల్లను అడిగింది. ఆ మాట మొయిన్ సారు ఎప్పుడో చెప్పాడు.

జంగుబాయి లేచి నిలబడింది. అది ఫిర్యాదు చేసే గొంతు కాదు. "ఇక్కడ అడిగేటంత ఏం చెప్తలేరు టీచర్" అంది.

మొయిన్ సారు పుస్తకంలోకి చూశాడు. తేలికగా చెప్పమన్నది ఎవరో ఆ గదిలో ఇద్దరికి తెలుసు.

ఆ మధ్యాహ్నమే బెంచీలు తిరిగి ఒకే గదిలోకి చేరాయి. గంగాధర్ వచ్చి పెద్ద గొంతుతో మాట్లాడాడు. "ఈ నెలలో ఏం అర్థమైందో ఇంటికి పోయి మీ రితికనే అడగండి" అంది సుచరిత. ఆయన అడిగాడో లేదో గాని, పిల్లను బడి మాన్పించలేదు. ఇంకొక కుటుంబం మాత్రం టీసీ తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి పరీక్షలో ముందున్నవాళ్ల మార్కులు మునుపటి చోటికి వచ్చాయి. జంగుబాయి ఫస్టేమీ రాలేదు. భిన్నాలు మాత్రం తప్పు లేకుండా చేసింది, భాగహారం దగ్గర ఇంకా తడబడుతూనే ఉంది. పాఠం మధ్యలో ఆ పిల్ల లేచినప్పుడల్లా సుచరితకు ఇప్పటికీ పళ్లు నూరుకోవాలనే అనిపిస్తుంది. కానీ ఆ మాట వినగానే ఎన్ని తలలు బోర్డు వైపు లేస్తాయో ఇప్పుడామె చూస్తుంది.

ఆ పరీక్ష అయ్యాక వచ్చిన ఆదివారం ఆమె సారు దగ్గరికి పోయి, కృతజ్ఞత చెప్పబోయి, అది కాస్తా గొంతులో కోపంగా మారగా అడిగేసింది:

"సార్, ఇదంత మీకు ముందే తెలుసు. మొదటి రోజే చెప్తే ఆ పిల్లలకు ఒక నెల మిగిలేది. ఎందుకు చెప్పలేదు?"

దత్తాత్రి సారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన ముఖంలో ఈసారి విసుగు కనిపించలేదు.

"నీకంటె ముందు ఆ బడిల పనిచేసినాయన గూడ పిల్లల్ని విడగొట్టాల్నా అనే అడిగిండు" అన్నాడు. "ఆయనకు మొదటి రోజే చెప్పిన. తల ఊపి అర్థమైందన్నడు."