పల్లకి తిన్న లేహ్యం

కొండమీది వైద్యుడి లేహ్యం తిన్నవాళ్లందరికీ ఆయాసం తగ్గింది, పల్లకిలో వెళ్లే రాజుగారికి తప్ప. "కుదుపులకు మందు ఒంట్లో నిలవడం లేదు ప్రభూ! ఈ బోయీలకు నాలుగు కొరడా దెబ్బలు తగిలించండి," అన్నాడు వైద్యుడు.

ఆ మాటకే పల్లకి మోసే ఎర్రపోతుకు వీపు చుర్రుమంది. జబ్బు తగ్గినవాళ్లంతా మందు కోసం రోజూ నడిచి కొండెక్కడం అతను చూస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు రాజుగారితో, "నెల్లాళ్లు తమరు నడవండి దొరా. మందు పొట్లాలు తినకుండా పల్లకిలో పెట్టించండి. అప్పటికీ తగ్గకపోతే కొట్టించండి," అన్నాడు.

నెల తిరిగేసరికి రాజుగారు ఎక్కడా ఆగకుండా కొండెక్కారు. "చూశారా నా లేహ్యం మహిమ!" అంటూ వైద్యుడు ఎదురొచ్చాడు.

ఎర్రపోతు పల్లకి తెర తీశాడు. లోపల ముప్ఫై పొట్లాలు, కట్టిన దారాలు కట్టినట్టే ఉన్నాయి.

"నిజమే స్వామీ," అన్నాడు. "మా పల్లకికి ఇప్పుడు ఆయాసమన్నదే లేదు."